గురకకు గవాహి

మా అబ్బా ఖర్రాటేల మీద పొదిలిలో మా గల్లీ వాళ్ళందరికీ తలా ఒక కిస్సా ఉండేది. "లారీ ఇంటికొచ్చింది గానీ ఇంజను ఇంకా ఆపలేదు" అని ఎదురింటి వాళ్ళు నవ్వేవాళ్ళు. హిందూ దోస్తులు కుంభకర్ణుడనేవాళ్ళు. దాదీ మాత్రం "ఘోడే బేచ్ కే సోయా" అనేది. గుర్రాలన్నీ అమ్మేసుకుని ఇక ఫిక్ర్ లేకుండా పడుకున్నవాడి నిద్ర అని దానర్థం. గురకంటే గాఢనిద్ర, గాఢనిద్రంటే సేహత్. మా ఇంట్లోనే కాదు, లోకమంతా అలాగే అనుకుంది చాలాకాలం.

ఎండాకాలం అందరం ఆరుబయట నులకమంచాలు వేసుకుని పడుకునేవాళ్ళం. అబ్బా గురక పెరిగి పెరిగి ఒక్కసారిగా ఆగిపోయేది. పూర్తి ఖామోషీ. మళ్ళీ ఎవరో గొంతు పట్టుకుని వదిలేసినట్టు ఒక పెద్ద ఎగశ్వాస, ఆపైన గురక మొదలు. ఆ ఖామోషీలో నేనూ మా అన్నా అంకెలు లెక్కపెట్టే ఆట ఆడేవాళ్ళం. ఎప్పుడూ పది దాటేది. కొన్నిసార్లు ఇరవై దాకా పోయేది. ఎవరి అంకెకి అబ్బా ఊపిరి తిరిగొస్తే వాళ్ళు గెలిచినట్టు. ఆ ఆట గుర్తొస్తే ఇప్పుడు నాకు నవ్వు రాదు.

అబ్బా మిర్చి లారీ తోలేవాడు. సీజన్లో మన ఊళ్ళ కల్లాల నుంచి టిక్కీలు ఎక్కించుకుని దర్శి, అద్దంకి, చిలకలూరిపేట మీదుగా గుంటూరు యార్డుకి. తెల్లారేసరికి యార్డులో ఉండాలి కాబట్టి ప్రయాణమంతా రాత్రే. 1987 సీజన్లో ఒక తెల్లవారుజామున అద్దంకి దాటాక లారీ రోడ్డు దిగి పొలంలో పడింది. ఎవరికీ ఏమీ కాలేదు, టిక్కీలు చెల్లాచెదురయ్యాయంతే. ఓనరు ఒక్క మాటన్నాడు: తాగి తోలాడు. జిందగీలో షరాబ్ ముట్టని మనిషి, జుమ్మా తప్పని మనిషి, ఊళ్ళో షరాబీ అయిపోయాడు. "నిద్రొచ్చింది సాబ్" అంటే ఎవరూ నమ్మలేదు. పొద్దంతా పడుకుని లేచి బండెక్కినవాడికి నిద్రెలా వస్తుందని ఎదురు ప్రశ్న. అబ్బా దగ్గర దానికి జవాబు లేదు. ఆ తర్వాత ఆయన ఏ ఓనరు దగ్గరా ఎక్కువకాలం నిలవలేదు. 1994లో ఒక రాత్రి నిద్రలోనే ఇంతెకాల్ అయ్యాడు. గురక ఆగిపోయి మళ్ళీ మొదలవకపోతే మెలకువొచ్చిందని అమ్మీ చెప్పింది. నేనప్పుడు పదో తరగతి.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయినేడాది మా బేగం ఒక పొద్దున చాయ్ ఇస్తూ అంది: "తుమారా దమ్ రుక్ జారా రాత్‌కూ, మాలూమ్?" రాత్రుళ్ళు నా ఊపిరి ఆగిపోతోందట. నాకేం మాలూమ్! నా లెక్కలో నేను హాయిగా పడుకుంటున్నాను. పొద్దున తలనొప్పిని నైట్ డెస్క్ మీదికి తోసేశాను. ఖుత్బాలో కునుకుపాట్లను వయసు మీదికి తోసేశాను. బీపీని మా ఎడిటరు మీదికి. ఆమె ఫోన్లో రికార్డు చేసి వినిపించింది. అందులో ఉన్నది నేను కాదు, అబ్బా. ఆ ఖామోషీ వచ్చినప్పుడు తెలియకుండానే నా నోరు అంకెలు లెక్కపెట్టింది. పద్నాలుగు.

ఒంగోలులో ఊపిరితిత్తుల డాక్టరుకి చూపించుకుంటే ఇంట్లోనే ఒక రాత్రి పరీక్ష పెట్టించారు. ముక్కు కింద గొట్టం, ఛాతీకి పట్టీ, వేలికి క్లిప్పు. గంటకి సగటున 38 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో జరుగుతోందని రిపోర్టు. అయిదు లోపుంటే మామూలు, ముప్పై దాటితే తీవ్రం. మర్జ్ పేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు వదులై, నాలుక మొదలు వెనక్కి జారి, గాలి దారి మూసుకుపోతుంది. సన్నటి స్ట్రాతో కొబ్బరి నీళ్ళు గట్టిగా పీలిస్తే స్ట్రా గోడలు అతుక్కుపోతాయి చూడండి, అలా. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు భయపడి మనిషిని అరక్షణం లేపుతుంది, కండరాలు బిగుసుకుని దారి తెరుచుకుంటుంది. పొద్దున్నే ఈ లేవడాల్లో ఒక్కటీ గుర్తుండదు. రాత్రికి రెండొందల సార్లు లేచినవాడు కూడా తాను బాగా పడుకున్నాననే హలఫ్‌నామా రాసిస్తాడు.

ఉర్దూలో తారీఖ్ అంటే తేదీ, చరిత్ర కూడా. నేను ఈ మర్జ్ తారీఖ్ చదవడం మొదలుపెట్టింది తేదీల కోసమే. 1987లో అబ్బాని షరాబీ అన్నప్పుడు ఈ లోకానికి ఎంత తెలుసు? అది తేల్చుకోవాలనిపించింది.

తెలిసినంత వరకూ వైద్యుల కన్నా ముందు దీన్ని సరిగ్గా చూసింది ఒక జర్నలిస్టు. (మా కులపోడని గొప్ప చెప్పుకోవడం కాదు.) చార్లెస్ డికెన్స్ విలేకరిగా పనిచేస్తున్న రోజుల్లోనే 1836లో 'పిక్విక్ పేపర్స్' సీరియల్‌గా రాయడం మొదలుపెట్టాడు. అందులో జో అనే లావుపాటి పనికుర్రాడు ఉంటాడు. ఎర్రటి మొహం, ఎప్పుడూ ఆకలి. తలుపు తడుతూ నిలబడి నిద్రపోతాడు, వడ్డిస్తూ గురకపెడతాడు. పాఠకులు పడీపడీ నవ్వారు. ఆ పిల్లాడికి జబ్బు ఉందేమో అని నూటా ఇరవై ఏళ్ళపాటు ఎవరూ గట్టిగా అడగలేదు.

మధ్యలో ఒకరిద్దరు దగ్గరదాకా వచ్చారు. 1877లో లండన్ డాక్టరు విలియం బ్రాడ్‌బెంట్, వయసు మళ్ళినవాళ్ళు వెల్లకిలా పడుకుని గట్టిగా గురక పెడుతుంటే మధ్యమధ్య గాలి గొంతు దాటలేక ఆగిపోతుందనీ, ఛాతీ మాత్రం లేస్తూ పడుతూ ఉంటుందనీ, చివరికి పెద్ద శబ్దంతో దారి తెరుచుకుంటుందనీ రాశాడు. మా నులకమంచాల ఆటని లాన్సెట్ పత్రికలో వర్ణించినట్టే ఉంది. కానీ ఆయన అసలు రాస్తున్నది మెదడులో రక్తస్రావం గురించి. గురక సంగతి పక్కనుంచి పోయింది.

1956లో బోస్టన్‌లో బర్‌వెల్ అనే పెద్ద డాక్టరు (హార్వర్డ్ మెడికల్ స్కూలుకి డీన్‌గా చేసినాయన) తన సహచరులతో కలిసి ఒక రోగి కథ అచ్చువేశాడు. రోగి యాభై ఒక్క ఏళ్ళ వ్యాపారి, బరువు దాదాపు 120 కిలోలు. ఎప్పుడూ నిద్రమత్తే. చివరికి ఆసుపత్రికి ఎందుకొచ్చాడో తెలుసా? పేకాటలో చేతికి మూడు ఆసులు, రెండు రాజులు పడ్డాయి. అంత ముక్క పట్టుకుని ఆట మధ్యలో నిద్రపోయాడు. ఆ దెబ్బకి తనకేదో అయ్యిందని ఆయనకే నమ్మకం కుదిరింది. డాక్టర్లు డికెన్స్‌ని గుర్తుచేసుకుని దానికి 'పిక్విక్కియన్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. తిండి తగ్గించి బరువు దించితే మనిషి కోలుకున్నాడు. అయితే నిద్రమత్తుకి కారణం రక్తంలో బొగ్గుపులుసు వాయువు పేరుకోవడమేనని వాళ్ళ తీర్పు. రోగిని వాళ్ళు అన్ని విధాలా పరీక్షించారు, కానీ అసలు సంగతి జరిగేది ఆయన పడుకున్నాకే అని వాళ్ళకి తట్టలేదు.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఆ వ్యాపారి ఇంట్లో రాత్రుళ్ళు ఆయన పక్కన ఎవరైనా పడుకునే ఉంటారు కదా. ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని "రాత్రి ఏం వినిపిస్తుందమ్మా?" అని అడిగితే తొమ్మిదేళ్ళు కలిసొచ్చేవి. ఈ మర్జ్ వింత ఇదే. రోగి తన రోగానికి గవా కాలేడు. గవాహి పక్కమంచంలో ఉంటుంది. ఆ గవా సాధారణంగా ఆడమనిషి. ఆమె మాట ఫిర్యాదుగా విన్నారు, మజాక్‌గా విన్నారు, సబూత్‌గా ఎవరూ వినలేదు. మా అమ్మీని కూడా ఎవరూ అడగలేదు. అడిగితే 1987లోనే చెప్పేది, ఈయన తాగలేదు, రాత్రుళ్ళు ఈయన నిద్రపోవట్లేదు, మునిగి తేలుతున్నాడని.

రాత్రి మేలుకుని చూసింది యూరప్ వాళ్ళు. 1965లో ఫ్రాన్స్‌లోని మార్సేలో గాస్తో బృందం, జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో యుంగ్, కూలో, విడివిడిగా ఇలాంటి రోగుల నిద్రని యంత్రాల మీద రికార్డు చేశారు. ఒక గీత మెదడుది, ఒక గీత ఊపిరిది. ఊపిరి గీత చదునైపోవడం, మెదడు గీత ఉలిక్కిపడటం, మళ్ళీ ఊపిరి. రాత్రంతా వందలసార్లు. పగటి నిద్రకి కారణం రాత్రి నిద్ర లేకపోవడమేనని కాగితం మీద తేలిపోయింది. ఇటలీలో బొలోన్యా నగరంలో లుగరేజీ, కొకాన్యా ఇంకో అడుగు వేసి, ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తపోటు ఎలా ఎగబాకుతుందో కొలిచారు. 1972లో రిమిని పట్టణంలో దీనిమీద సదస్సు జరిగింది. అదే ఏడాది ఫ్రాన్స్ నుంచి అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కి వెళ్ళిన క్రిస్టియన్ గిల్మినో, ఈ జబ్బు లావుపాటివాళ్ళకే కాదు, సన్నగా ఉన్నవాళ్ళకీ, పిల్లలకీ వస్తుందని పట్టుబట్టాడు. 1976లో 'స్లీప్ ఆప్నియా సిండ్రోమ్' అనే పేరు స్థిరపడింది. ఊపిరి కనీసం పది సెకన్లు ఆగితేనే లెక్కలోకి అన్నారు. పది! మా అన్నకి ఫోన్ చేసి చెప్పాను ఈ సంగతి. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కాబట్టి అబ్బా లారీ రోడ్డు దిగేనాటికి జబ్బుకి పేరుండి పదకొండేళ్ళు. మరి ఇలాజ్?

మొదటి ఇలాజ్ గొంతుకి చిల్లు. మూసుకుపోయే చోటుకి కిందగా గొట్టం పెడితే గాలి అడ్డదారిన వెళ్తుంది. పనిచేసింది, అద్భుతంగా పనిచేసింది. కానీ జీవితాంతం మెడలో రంధ్రంతో బతకాలి. 1980 జూన్‌లో సిడ్నీలో ఒక రోగి ఆ ఆపరేషన్ నాకొద్దన్నాడు. అతని డాక్టరు కోలిన్ సలివన్ అంతకుముందు కెనడాలో నిద్రపోయే కుక్కల ఊపిరి మీద పరిశోధన చేసి వచ్చినవాడు. ఇంకో దారి ప్రయత్నిద్దామా అన్నాడు. ముక్కుకి అచ్చు తీసి తొడుగు చేసి, గాలి బయటికి పోకుండా జిగురుతో అంటించి, వాక్యూమ్ క్లీనర్ మోటారుతో గాలిని లోపలికి పంపాడు. ఊపిరి ఆడించడానికి కాదు ఆ గాలి, గొంతు గోడల్ని లోపలినుంచి నిలబెట్టడానికి. ఒత్తిడి పెంచితే గురక మాయం, తగ్గిస్తే మళ్ళీ హాజరు. ఆ మనిషి ఏళ్ళ తర్వాత మొదటిసారి నిజంగా నిద్రపోయాడు.

1981 ఏప్రిల్‌లో అయిదుగురు రోగుల ఫలితాలు లాన్సెట్‌లో వచ్చాయి. కావలసిన ఒత్తిడి 4.5 నుంచి 10 సెంటీమీటర్ల నీటి మట్టమంత, అంటే మన స్టీలు గ్లాసులో నీళ్ళ లోతంత. మనిషిని కాపాడటానికి అంతే చాలు. ఆ వ్యాసం రాసిన నలుగురిలో రెండో పేరు ఫాయిఖ్ ఈసా. అలాంటి పేరు కనిపిస్తే నా చూపు కాసేపు అక్కడే ఆగుతుంది, అలవాటు. ఆ యంత్రమే ఇప్పటి సీపాప్.

1987కి అది ఆరేళ్ళ పాతది. పొదిలికి మాత్రం రాలేదు. దాని పేరు కూడా రాలేదు. నేను ఓనరు మీద పెట్టుకున్న కోపం ఈ తేదీల దగ్గర కొంచెం మెత్తబడింది. ఆయనకి తెలియదు. ఊళ్ళో ఏ డాక్టరుకీ తెలిసి ఉండదు. అబ్బా జబ్బు ఇదేనని నా దగ్గర రిపోర్టూ లేదు. ఉన్నదల్లా ఇద్దరు పిల్లలు లెక్కపెట్టిన అంకెలు.

ఇది అరుదైన మర్జ్ కాదని లోకం ఒప్పుకోవడానికి ఇంకా కాలం పట్టింది. 1993లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో 602 మంది మధ్యవయసు ఉద్యోగుల్ని నిద్రపుచ్చి చూస్తే మగవాళ్ళలో 24 శాతం, ఆడవాళ్ళలో 9 శాతం మందికి గంటకి అయిదుసార్లో అంతకన్నా ఎక్కువో ఊపిరి ఆగుతోంది. మన దేశం లెక్క 2004లో ముంబై నుంచి వచ్చింది. హిందుజా ఆసుపత్రి డాక్టరు జరీర్ ఉద్వాడియా బృందం 35 నుంచి 65 ఏళ్ళ మగవాళ్ళని చూస్తే, పగటి నిద్రమత్తుతో కూడిన పూర్తి జబ్బు 7.5 శాతం మందికి ఉంది. ఆడవాళ్ళ అంకె ఎందుకు తక్కువ? శరీర కారణాలు ఉన్నాయి. కానీ నాకు ఒక అనుమానం: మొగుడి గురకకి పెళ్ళాం మేలుకుంటుంది, పెళ్ళాం గురకకి మొగుడు మేలుకోడు. గవా లేని కేసు కోర్టుకి రాదు.

డ్రైవర్ల విషయం వేరే చెప్పాలి. 2013 డిసెంబర్ 1న న్యూయార్క్‌లో ఒక ప్రయాణికుల రైలు మలుపులో పట్టాలు తప్పి నలుగురు చనిపోయారు. తోలుతున్నాయన కునుకు తీశాడు. అక్కడ కూడా మొదట అందరూ తిట్టిపోశారు. కానీ ఆ తర్వాత నిద్రపరీక్ష చేస్తే, ఆయనకే తెలియని స్లీప్ ఆప్నియా బయటపడింది. మరుసటేడు యూరప్ దేశాలు డ్రైవింగ్ లైసెన్సు నిబంధనల్లో ఈ జబ్బుని చేర్చాయి. మన లైసెన్సు ఫారంలో మూర్ఛ అడుగుతారు, రేచీకటి అడుగుతారు. గురక ఊసు లేదు. ఆస్ట్రేలియా డాక్టరు ముర్రే జాన్స్ 1991లో తయారుచేసిన ఎనిమిది ప్రశ్నల కాగితం ఒకటుంది, ఎప్‌వర్త్ స్కేల్ అంటారు. చదువుతూ ఉంటే నిద్రొస్తుందా, టీవీ చూస్తూ వస్తుందా, బండిలో గంటసేపు కూర్చుంటే వస్తుందా, మనిషితో మాట్లాడుతూ ఉండగా వస్తుందా, అలా. మొత్తం 24 మార్కులు, పది దాటితే చూపించుకోవాలి. నాకు పదహారు వచ్చాయి. పొదిలిలో ఒంగోలు బస్సెక్కితే చీమకుర్తి క్వారీలు నేను చూసి ఎన్నేళ్ళయిందో.

మన తెలుగువాళ్ళకి ఈ జబ్బు పేరు ఎక్కువగా వినపడింది 2022 ఫిబ్రవరిలో. బప్పీ లహరి పోయినప్పుడు. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో మన పెళ్ళి బ్యాండ్లన్నిటినీ ఊపేసిన మనిషి. కారణాల్లో స్లీప్ ఆప్నియా అని డాక్టర్లు చెప్పారు. మా ఆఫీసులో ఆ వార్త తెలుగు చేసింది నేనే. "నిద్రలో శ్వాస ఆగే వ్యాధి" అని టైపు చేసి, కప్పు చాయ్ తాగి, మర్చిపోయాను.

ఇప్పుడు నా ఇలాజ్ సంగతి. డాక్టరు నాలుగు దారులు చెప్పారు. బరువు తగ్గడం ఎలాగూ తప్పదు. నేను 94 కిలోలు. 2024 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ టిర్జెపటైడ్ అనే సూదిమందుని ఊబకాయంతో పాటు ఈ జబ్బు ఉన్నవాళ్ళకి ఒప్పుకుంది. అదే మందు 2025 మార్చిలో మౌంజారో పేరుతో మన దేశానికొచ్చింది, షుగరుకీ బరువుకీ. నెలనెలా దాని ఖర్చు వింటే ఆకలి దానంతటదే తగ్గుతుంది. రెండోది కింది దవడని ముందుకు లాగి పట్టే పళ్ళ తొడుగు. జబ్బు తక్కువగా ఉన్నవాళ్ళకి మంచిదే, నా అంకెకి చాలకపోవచ్చన్నారు. మూడోది ఆపరేషన్. అంగిలి వెనక మెత్తటి భాగం కోసే పద్ధతిని డెట్రాయిట్‌లో ఫుజిటా రాసింది కూడా 1981లోనే. అందరికీ పనిచేయదు. మిగిలింది సీపాప్. యంత్రం నలభై, యాభై వేలు.

నేను తెలివిగా అడిగాను, ఇది పెట్టుకుంటే గుండెపోటు రాదా అని. ఆ డాక్టరు మంచాయన, అబద్ధం చెప్పలేదు. 2016లో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, అప్పటికే గుండె, మెదడు రక్తనాళాల జబ్బులున్న 2,700 మంది మీద చూస్తే, యంత్రం గుండెపోట్లని తగ్గించినట్టు తేలలేదన్నారు. అయితే వాళ్ళు రాత్రికి సగటున మూడు గంటల చిల్లరే పెట్టుకున్నారు. పగటి నిద్ర తగ్గింది, మనసు తేలికపడింది, అది మాత్రం ఖాయం. "మీరు బండి తోలతారా?" అని అడిగారు చివరికి. తోలతానన్నాను. "అయితే ఇంకేం ఆలోచిస్తారు" అన్నారు.

కొనకుండా ముందు నెలరోజులకి కిరాయికి తెచ్చుకున్నాను. 2021లో ఒక పెద్ద కంపెనీ తన యంత్రాల లోపలి నురగ ముక్కలై ఊపిరిలోకి పోతోందని లక్షల యంత్రాల్ని వెనక్కి పిలిచిందని చదివాను కాబట్టి మోడల్ నంబరు చూసుకునే తెచ్చుకున్నాను. దీని తొట్టిలో డిస్టిల్డ్ వాటర్ పోయాలి. మన ఫ్లోరైడ్ నీళ్ళు పనికిరావు. ఇన్వర్టర్ బ్యాటరీకి పోసేది పొయ్యొచ్చా అంటే కాదు, మెడికల్ షాపుదే పొయ్యమన్నారు. కరెంటు పోతే యంత్రం ఆగుతుంది, ఇన్వర్టర్ ఉన్నా ఒక రాత్రి అదీ చచ్చింది. మొదటి మూడు రాత్రులు మాస్కు పీకి పారేశాను. మా చిన్నది నన్ను ఏనుగు తొండమంది. నాలుగో రాత్రి అయిదు గంటలు పెట్టుకున్నాను. ఫజర్‌కి అలారం మోగకముందే లేచాను, తలనొప్పి లేదు.

ఆ రాత్రే ఒకసారి మెలకువొచ్చి కళ్ళు తెరిస్తే గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నారు. అమ్మీ. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, గోడ పట్టుకుని చీకట్లో వచ్చింది. మాస్కు తీసి ఏమైందని అడిగాను.

"కుచ్ నై బేటా. ఆవాజ్ నై ఆరీ బోల్‌కే దేఖ్‌నే కో ఆయీ" అంది. చప్పుడు రావట్లేదని చూడటానికి వచ్చిందట.

మాస్కు మళ్ళీ పెట్టుకుని స్విచ్ వేశాను. యంత్రంలోంచి గాలి సన్నగా బుసకొట్టింది. అమ్మీ దగ్గరికొచ్చి వంగి, ఆ గొట్టానికి చెవి ఆనించి చాలాసేపు విని, అప్పుడు వెళ్ళి పడుకుంది.